చుక్కల గీత వెంట... మృత్యులోయకి

అమెరికా వచ్చిన రెండు నెలలకే నాన్నకి విసుగొచ్చేసింది. డిస్నీల్యాండ్ చూపించాం. హాలీవుడ్ చూపించాం. లాస్ వెగాస్‌లో రాత్రిపూట దీపాలు చూపించాం. దేనికైనా ఆయనది ఒకటే మాట- ‘బాగానే ఉన్నది’. ఆ మాటకి ‘ఇక ఇంటికి పోదాం’ అని అర్థమని మా ఇంట్లో అందరికీ తెలుసు!

నాన్న కొత్తగూడెంలో ముప్ఫై ఏళ్లకు పైగా బొగ్గుబాయి దిగిన మనిషి. సింగరేణిలో మైనింగ్ సర్దార్‌గా రిటైరయ్యాడు. పని మొదలయ్యేముందు అందరికంటే ముందు వెళ్లి పైకప్పుని కర్రతో కొట్టి చప్పుడు వినడం, దీపం పట్టుకుని గాలి ఎలా ఉందో చూడటం, అంతా బాగుందనుకుంటేనే మిగతావాళ్లని ‘ఇక రండి’ అని పిలవడం... అదీ ఆయన ఉద్యోగం. అలాంటాయన్ని మిక్కీమౌస్ దగ్గరికి తీసుకెళ్తే ఏం సంతోషిస్తాడు?

2019 నవంబరులో ఓ రాత్రి నేను టేబుల్ మీద మ్యాపు పరుచుకుని కూర్చున్నా. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీకి పడమట గోడలా నిలబడే పానమింట్ కొండల మ్యాపు అది. 1950ల నాటిది. నాన్న వచ్చి వంగి చూశాడు.

‘ఇది బాయి గుర్తు కదరా?’

ఇంగ్లీషు ‘వై’ అక్షరంలా ఉన్న చిన్న గుర్తు. కొండలోకి అడ్డంగా తవ్విన సొరంగానికి అమెరికా సర్వే పటాల్లో వాడే గుర్తే అది. సగం నలుపు నింపిన చదరమైతే నిలువు బాయి. వట్టి ఇంటూ గుర్తయితే ఎవరో తవ్వి చూసిన గొయ్యి. ఆ పటంలో ఇంటూలే ఎక్కువ. వాటిని కలుపుతూ అక్కడక్కడా జంట చుక్కల గీతలు. అవి గనుల దారులు. నాన్న వేలు ఓ గీత మీద ఆగింది. పడమటి వైపు గోలర్ వాష్ అనే ఎండు వాగులోంచి మొదలై, మెంగెల్ కనుమ ఎక్కి, బ్యూట్ వ్యాలీలో దిగి, వార్మ్ స్ప్రింగ్ లోయ మీదుగా డెత్ వ్యాలీలోకి వెళ్తుందది.

‘ఈ తొవ్వ ఇప్పుడు ఉన్నదా?’

‘ఉందనే అంటున్నారు.’

‘అయితే పోదాం’ అన్నాడు. రెండు నెలల్లో ఆయన నోట మొదటిసారి విన్న ‘పోదాం’ అది!

నిజానికి ఈ పాత దారులు వెతకడం ఓ సరదా పని. పాత పటం పక్కన ఉపగ్రహం తీసిన ఫొటో పెట్టుకుని చూస్తే చాలాచోట్ల గీత ఇంకా కనిపిస్తుంది. ఎడారిలో నేల ఒకసారి అణిగితే మళ్లీ మామూలు కావడానికి దశాబ్దాలు పడుతుంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైనిక శిక్షణ కోసం మొజావీ ఎడారిలో తిప్పిన ట్యాంకుల జాడలు ఇంకా చెరిగిపోలేదు. నేల మీద చూడాల్సిన ఆనవాళ్లు వేరు. దారి అంచున పేర్చిన రాళ్ల వరస, తుప్పుపట్టిన డబ్బాలు, ఊదారంగుకి తిరిగిన గాజుపెంకులు. పాతకాలం గాజులో మాంగనీస్ కలిపేవారు, ఏళ్ల తరబడి ఎండకి అది ఊదాగా మారుతుంది. అలాంటి పెంకు కనిపిస్తే అది మొదటి ప్రపంచయుద్ధానికి ముందు మనుషులు తిరిగిన చోటని అనుకోవచ్చు. (ఏరుకుని జేబులో వేసుకోకూడదు. పార్కులో రాయి కూడా తీయకూడదు.)

ప్రయాణానికి ముందురోజు నాన్న ఓ ప్రశ్న వేశాడు. ‘రెండో దారి ఏది?’

నాకర్థం కాలేదు. ‘బాయికి ఎప్పుడూ రెండు దారులుండాలె. ఒకటి మూసుకుపోతే ఇంకోటి. లేకుంటే మనిషిని దింపరు. ఇక్కడ ఏది?’

గనులకి మన దేశంలో అది చట్టమే. నేను పటం తిప్పి చూపించా. వెనక్కి వస్తే గోలర్ వాగు, ముందుకి పోతే వార్మ్ స్ప్రింగ్. ఈ రెండూ తప్ప బండి నడిచే దారి లేదు. ఆయన తలూపాడు. మాతో రావాల్సిన మిత్రుడి బండి చివరి నిమిషంలో ఆగిపోయింది. ఇలాంటి దారిలోకి ఒంటరి బండితో పోకూడదని అందరూ చెప్పేదే. అది తెలిసీ బయల్దేరా. నా తప్పే. మా ఆవిడకి మాత్రం దారి మొత్తం కాగితం మీద గీసిచ్చా. ‘రాత్రి ఎనిమిదికల్లా ఫోన్ రాకపోతే పార్కువాళ్లకి చెప్పు’ అని నంబరు కూడా రాసిచ్చా.

తెల్లవారుజామున మూడింటికి లాస్ ఏంజెలెస్ దగ్గర్లోని మా ఇంటి నుంచి బయల్దేరాం. రిడ్జ్‌క్రెస్ట్ దాటి ట్రోనా వచ్చేసరికి తెల్లారింది. ఆ జులై 5న ఆ ప్రాంతంలో 7.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. కూలిన గోడలు, చిమ్నీలు అప్పటికీ అక్కడక్కడా కనిపించాయి. ఎండిన ఉప్పు సరస్సు పక్కన ఉండే ఈ ఊళ్లో హైస్కూలు ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి ఉండదు, వట్టి మట్టే!

అక్కడి నుంచి పానమింట్ లోయలోకి దిగి తారురోడ్డు వదిలితే మూడున్నర మైళ్లలో బల్లారట్. 1897లో గనుల కోసం పుట్టిన ఊరు. ఆస్ట్రేలియాలో బంగారం దొరికిన ఊరి పేరే పెట్టుకున్నారు. నాలుగైదు వందల మంది ఉండేవారట. సారా దుకాణాలు ఏడు, గుడి మాత్రం ఒక్కటీ లేదు! 1917లో పోస్టాఫీసు మూతపడింది. ఇప్పుడు మిగిలినవి వానకి కరిగిపోతున్న మట్టిగోడలు, సమాధులు. నాన్న ఒక గోడ మీద చెయ్యి వేసి ‘మన్ను గోడే’ అన్నాడు. ఇల్లెందు దగ్గర పాత లైన్లలో ఇలాంటివే ఉండేవట.

అక్కడే టైర్లలో గాలి సగానికి తగ్గించాం. ముప్ఫయ్యారు పౌండ్ల నుంచి పద్దెనిమిదికి. చూసేవాళ్లకి ఇదేం పని అనిపిస్తుంది కానీ, గాలి తగ్గితే టైరు మెత్తబడి రాయిని పట్టుకుంటుంది. గట్టిగా ఉంటే రాయి మీద ఎగురుతుంది, జారుతుంది. లోయ అంచున దక్షిణంగా పద్నాలుగు పదిహేను మైళ్లు మట్టిదారి. దారిలో కొండని మెట్లుమెట్లుగా కోసిన బ్రిగ్స్ బంగారు గని కనిపిస్తుంది. అది 1990లలో తవ్వినది. తర్వాత ఎడమవైపు కొండలో ఓ చీలిక. బోర్డుల కోసం చూస్తే దాటిపోతాం. మేమూ దాటిపోయి వెనక్కి వచ్చాం.

గోలర్ వాగు మొదటి మైలే అసలు పరీక్ష. రెండు వైపులా నిట్టనిలువు రాతిగోడలు. మధ్యలో బండి పట్టేంత సందు. వాన నీళ్లు జారి జారి నున్నబడిన రాతిమెట్లు ఒకదాని తర్వాత ఒకటి. గనులవాళ్లు వాగులోనే దారి ఎందుకు వేసుకున్నారంటే కొండ తవ్వే ఖర్చు లేదు, నీళ్లు ముందే తవ్వి పెట్టాయి. ఖనిజం కిందికి దింపుకోవడానికి ఆ వాలు చాలు. చిక్కల్లా ఆ నీళ్లతోనే. ఈ లోయలో ఏడాది మొత్తానికీ సగటున రెండంగుళాల వానే పడుతుంది. కానీ ఒక్కోసారి ఏడాది వానా ఒక్కపూటలో పడుతుంది. అప్పుడు వాగు తన దారి తాను తీసేసుకుంటుంది. గని నడిచినంతకాలం మళ్లీ బాగుచేసుకునేవారు. గని మూసేశాక చేసేవాళ్లెవరు?

ప్రతి మెట్టు దగ్గరా బండి ఆపి, దిగి, నడిచి చూశాం. తర్వాత నాన్న ముందు నిలబడి చేతులతో సైగలు చేసేవాడు. నేను చిన్న గేరులో, మనిషి నడిచేకంటే నెమ్మదిగా ఎక్కించేవాణ్ని. కొత్తవాళ్లు పెద్ద రాయిని రెండు చక్రాల మధ్యకి వదలాలనుకుంటారు. అప్పుడే అది బండి పొట్టకి తగులుతుంది. చక్రాన్ని రాయి మీదికే ఎక్కించాలి. నాన్నకిది ఎవరూ చెప్పలేదు. రెండో మెట్టుకే పట్టేశాడు. ‘ఎడమకి... ఎడమకి... ఆపు... ఇగ రా’. ఆ ‘ఇగ రా’ ముప్ఫై ఏళ్లు బాయిలో అన్నదే కాబోలు. మైలు దూరానికి గంట పట్టింది.

పైకి వెళ్లాక వాగు విశాలమైంది. పక్కనే బార్కర్ రాంచ్ అని ఓ పాత ఇంటి గోడలున్నాయి. చార్లెస్ మాన్సన్ అనే హంతక ముఠా నాయకుణ్ని 1969 అక్టోబరులో పట్టుకున్నది ఇక్కడే. 2009లో ఇల్లు కాలిపోయింది. మేం ఎక్కువసేపు ఆగలేదు.

సుమారు 4,300 అడుగుల ఎత్తున మెంగెల్ కనుమ. అక్కడో రాళ్ల గుట్ట. కార్ల్ మెంగెల్ అనే ఒంటికాలి గని మనిషి గుర్తు అది. 1944లో పోయాక ఆయన చితాభస్మాన్నీ, పెట్టుడు కాలునీ ఇక్కడే ఉంచారంటారు. గనిలో కాలు పోయినా మళ్లీ గనుల వెంటే తిరిగాడట. ఆ సంగతి చెప్పగానే నాన్న చెప్పులు విడిచి ఓ నిమిషం నిలబడ్డాడు. ఆయనతో పనిచేసినవాళ్లలో కాళ్లూ వేళ్లూ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. మా ఇంటికొస్తే పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగించేవాడు.

కనుమ దిగుతుంటే ‘ఠప్’మని చప్పుడు, వెంటనే బుస్సుమని గాలి. వెనక కుడి టైరు పక్క గోడ అరచేతి పొడవున కోసుకుపోయింది. నట్ట నడుమ పంక్చరయితే అతుకు వేసుకోవచ్చు. పక్క గోడ తెగితే ఇక అంతే. జాకీ పెడితే గులకరాళ్లలోకి దిగిపోతోంది. నాన్న బల్లపరుపు రాళ్లు రెండు ఏరుకొచ్చి, బాయిలో దిమ్మెలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి సర్ది, కాలితో తొక్కి చూసి, ‘ఇప్పుడు లేపు’ అన్నాడు. మిగిలిన మూడు చక్రాలకీ రాళ్లు అడ్డం పెట్టాడు. అరగంటలో స్టెప్నీ వేశాం.

ఇప్పుడింకో స్టెప్నీ లేదు. టైం పన్నెండున్నర. వెనక్కి వెళ్దామంటే మళ్లీ ఆ కనుమ, ఆ మెట్లు, ఆ మట్టిదారి. ముందుకైతే ఇరవై మైళ్లకు పైగా తెలియని దారి, కాకపోతే దీనికంటే మెత్తనిదని విన్నాం. పటం తీసి బానెట్ మీద పరిచా. అందులో మూడో గీత కూడా ఉంది. బ్యూట్ వ్యాలీ నుంచి తూర్పుగా ఆన్విల్ లోయలోంచి నేరుగా కిందికి.

‘ఇది దగ్గర కదా?’ అన్నాడు నాన్న.

అప్పటిదాకా దాచిన సంగతి అప్పుడు చెప్పాల్సొచ్చింది. 1996 జులైలో జర్మనీ నుంచి ఓ కుటుంబం వచ్చింది. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. అద్దెకి తీసుకున్న మామూలు వ్యానులో ఈ బ్యూట్ వ్యాలీకే వచ్చారు. 50 డిగ్రీలకు అటూ ఇటూ ఎండలు కాసే నెల అది. మూడు నెలల తర్వాత, అక్టోబరులో, ఆన్విల్ లోయ ఇసుకలో ఆ వ్యాను కనిపించింది. మూడు టైర్లు పోయి ఉన్నాయి. మనుషులు లేరు. పదమూడేళ్లకి, 2009లో, దక్షిణాన ఎడారిలో ఎముకలు దొరికాయి. ఆ లోయలో బళ్లు తిరగడాన్ని అప్పటికే మాన్పించేశారు. పాత పటాల మీద గీత మాత్రం ఉండిపోయింది.

నాన్న చాలాసేపు పటం వంకే చూశాడు. ‘పిల్లలు ఎంతవాళ్లు?’

‘చిన్నవాళ్లే.’

పటం మడిచి నా చేతికిచ్చాడు. ‘పెద్ద తొవ్వనే పోదాం. మెల్లగ పోదాం’ అన్నాడు. అక్కడి నుంచి మొనదేలిన రాళ్లు కనిపించిన ప్రతిచోటా ఆయన దిగి ముందు నడిచాడు. కాలితో రాళ్లు పక్కకి నెట్టుకుంటూ. వయసు డెబ్భై దాటిన మనిషిని అలా నడిపించినందుకు నాకు సిగ్గేసింది. ఎక్కి కూర్చోమంటే వినలేదు.

మనసులో అంత భయం ఉండబట్టేనేమో, బ్యూట్ వ్యాలీ నాకు మరీ అందంగా కనిపించింది. చుట్టూ కొండలు, నడుమ పళ్లెంలాంటి మైదానం, దాని మధ్యలో ఒంటరిగా స్ట్రైప్డ్ బ్యూట్ అనే గుట్ట. తెలుపు, బూడిద, గోధుమ రంగుల సున్నపురాయి పొరలు ఏటవాలుగా నిలబడి ఉంటాయి. దగ్గర్లోనే ఆన్విల్ ఊట, ఓ పెద్ద చెట్టు, 1930లో రాళ్లతో కట్టిన చిన్న ఇల్లు. జియాలజిస్ట్ క్యాబిన్ అంటారు. లోపల ఎవరైనా దిగితే బయట జెండా ఎగరేయడం అక్కడి ఆనవాయితీ. ఆరోజు జెండా లేదు. బయట అరుగు మీద కూర్చుని పులిహోర తిన్నాం. దూరంగా నాలుగు గాడిదలు మమ్మల్నే చూస్తూ నిలబడ్డాయి. గనులవాళ్లు బరువుల కోసం తెచ్చి, వెళ్లేటప్పుడు వదిలేసిన గాడిదల సంతానం అవి. ‘వీటికి మాత్రం రిటైర్మెంట్ మంచిగ ఉన్నది’ అన్నాడు నాన్న. పొద్దున్నుంచి ఆయన నవ్వింది అప్పుడే.

మూడుంపావుకి వార్మ్ స్ప్రింగ్ చేరాం. కొండపక్కన తెల్లటి గుట్టలు. ఇక్కడ తవ్వింది బంగారం కాదు, టాల్క్. మొహానికి రాసుకునే పౌడరూ, మన చిన్నప్పటి పలకమీది తెల్ల బలపమూ ఈ జాతి రాయే. ఇక్కడి గనులని 1930ల నుంచి నడిపింది లూయిస్ గ్రాంథమ్ అనే మహిళ! ఆ రోజుల్లో, ఆ ఎడారిలో. పనివాళ్లకి గదులు, భోజనశాల, వేడినీటి ఊట నుంచి నీళ్లొచ్చే ఈతకొలను కూడా కట్టించారు. తవ్వకాలు 1980ల దాకా సాగాయి. పక్కనే పాత బంగారపు మిల్లు ఉంది. రాళ్లు నలిపే దవడ మిషను, పిండి చేసే డ్రమ్ము, అంతకంటే పాతదైన రాతి గానుగ, అన్నీ తుప్పుపట్టి వరసగా. నాన్న వాటి చుట్టూ తిరిగాడు. ఏ పట్టా ఎటు తిరిగేదో, రాయి ఎక్కడ పోసేవారో వేలితో చూపిస్తూ తనలో తానే మాట్లాడుకున్నాడు. అలా ఆయన్ని హాలీవుడ్‌లో చూడలేదు నేను.

కొన్ని సొరంగాలకి ఇనుప చువ్వలు బిగించారు. గబ్బిలాలు తిరగడానికి సందులు వదిలి. ఒకటి మాత్రం తెరిచే ఉంది. లోపలి నుంచి చల్లగా వచ్చింది. ఒక్క ఫొటో తీసుకుందామని అడుగు వేశా. జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. చిన్నప్పుడు కూడా నన్నంత గట్టిగా పట్టుకోలేదు.

‘దీపం ఉన్నదా నీ దగ్గర?’

ఫోన్ చూపించా.

‘అది వెలుగు. నేను అడిగేది దీపం. గాలి చెడితే మంట చిన్నగైతది, మనకి తెలుస్తది. నీ ఫోను చెప్పదు. వాసన రాదు, రంగు ఉండదు. నాలుగడుగులేసినాక మోకాళ్లు పట్టు తప్పుతయ్, అంతే.’ తర్వాత నేల మీది కర్రముక్క తీసుకుని, బయటే నిలబడి, ద్వారం పైనున్న దూలాన్ని కొట్టాడు. డొల్లగా మోగింది. ‘విన్నవా? ఇది ఎప్పటికో అప్పటికి కూలుతది’ అన్నాడు. కర్ర మళ్లీ ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు.

నవంబరు పొద్దు నాలుగున్నరకే కొండ వెనక్కి పోయింది. చివరి పది మైళ్లు హెడ్‌లైట్ల వెలుగులో దిగాం. రాళ్ల నీడలు గోతుల్లా, గోతులు నీడల్లా కనిపిస్తున్నాయి. ఇద్దరం మాట్లాడుకోలేదు. ప్రతి చప్పుడుకీ నా చెవి వెనక టైరు మీదే. అయిదుంపావు దాటాక చక్రాల కింద తారురోడ్డు తగిలింది. బండి ఆపి ఇద్దరం దిగి, కాసేపు రోడ్డు మీదే నిలబడ్డాం.

చిన్న కంప్రెసర్‌తో నాలుగు టైర్లకీ గాలి ఎక్కించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా, వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. నవంబరు నుంచి మార్చి మధ్యలోనే వెళ్లాలి. రెండు బళ్లు ఉండాలి, రెండు స్టెప్నీలు ఉండాలి. మనిషికి రోజుకి నాలుగు లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు, అదీ రెండు మూడు రోజులకి సరిపడా తీసుకెళ్లాలి. ఫోన్ పనిచేయదు. మామూలు కారుతో ఆలోచనే వద్దు. నేను చెప్పింది 2019 నాటి దారి. 2022 ఆగస్టు 5న ఒక్కరోజులో దాదాపు ఒకటిన్నర అంగుళాల వాన పడి పార్కులో రోడ్లు తెగిపోయాయి. 2023 ఆగస్టు 20న హిల్లరీ తుపానుకి 2.2 అంగుళాలు, అక్కడ ఒక్కరోజులో పడిన వానల్లో అదే రికార్డు. కాబట్టి పార్కువాళ్లని అడిగాకే దిగండి. వాళ్లు వద్దంటే మానండి.

ఫర్నెస్ క్రీక్ చేరేసరికి ఏడుంపావు. ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. మొదటి రింగుకే ఎత్తింది మా ఆవిడ. పార్కు నంబరు రాసిన కాగితం ఆరింటి నుంచీ చేతిలోనే ఉందట. నన్ను అనాల్సినవన్నీ అనేశాక, అమ్మ ఫోన్ తీసుకుని నాన్నకి ఇమ్మంది.

‘ఏం చూసిన్రు?’

‘బాయిలు చూసినం’ అన్నాడు నాన్న. అని, ఆ దవడ మిషనులో రాయి పైనుంచి ఎలా పడేదో, కిందికి ఎంత సైజులో వచ్చేదో మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. నేను టైర్లు ఇంకోసారి చూసొద్దామని బయటికి నడిచా.